గోదారి గట్టున ఆగిన రైలు: కొవ్వూరు నుంచి కోటిపల్లి దాకా

నవంబర్ 15, శనివారం. కొవ్వూరు

రాజమండ్రి స్టేషన్ సంగతి తెలియాలంటే ముందు కొవ్వూరులో దిగాలంటారు మా మావయ్య. రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరయిన మనిషి. పట్టాలను పట్టి ఉంచే కీలు ఎక్కడైనా సడలాయేమో చూసుకుంటూ, సడలినచోట సుత్తితో బిగించుకుంటూ రోజూ తన బీటంతా కాలినడకన తిరగడం కీమ్యాన్ పని. ఎండైనా వానైనా ఆ నడక తప్పదు. అలా ఏళ్ల తరబడి గోదారి అంచున నడిచిన ఆయన రమ్మని పిలిచారు, కార్తీకమాసం కూడా కలిసొచ్చింది, నెల్లూరు నుంచి బయల్దేరాను.

ఇల్లు స్టేషన్‌కి కూతవేటు దూరం. కాళ్లు కడుక్కునేసరికే అత్తయ్య ఆకు వేసేసింది. కార్తీకం కాబట్టి నీచు లేదు. కందా బచ్చలి కూరలో పెట్టిన ఆవ ఘాటు నేరుగా ముక్కుకెక్కింది. ముద్దపప్పులోకి కొత్త ఉసిరికాయ పచ్చడి, చివర గడ్డపెరుగు. మా వైపు పులుసుల కారానికి అలవాటు పడ్డ నాలుకకి ఈ ఆవ పెట్టిన కూరలు వేరే లోకం. "సరిగ్గా తినకపోతే మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పేస్తానురా" అని బెదిరించి మరీ మారు వడ్డించింది.

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని మావయ్య మొదలుపెట్టారు. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో బెజవాడ నుంచి కటక్ వైపు లైను వేశారు. 1893 నుంచి 1896 దాకా ముక్కలు ముక్కలుగా రైళ్లు నడవడం మొదలైంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు మీదుగా వచ్చిన పట్టాలు కొవ్వూరులో గోదారి గట్టుకొచ్చి ఆగాయి. అవతలి ఒడ్డున రాజమండ్రిలో మళ్లీ మొదలై సామర్లకోట, తుని మీదుగా వాల్తేరు వైపు సాగాయి. మధ్యలో రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు నీళ్లు. రైలు దిగి, మూటాముల్లె రేవుకి మోయించుకుని, ఏరు దాటి, అవతలి గట్టున ఇంకో రైలెక్కాలి.

"అంటే అప్పుడు ఇదీ అదీ రెండూ ఆఖరి స్టేషన్లేనా మావయ్యా?"

"ఆఖరివే మరి. గోదారి ఆపేసింది కదా. వంతెన పడ్డాకే కొవ్వూరు ఓ మామూలు స్టేషనైపోయింది, రాజమండ్రి పెద్ద స్టేషనయింది."

ఆ ఒక్క మాటే ఈ ప్రయాణమంతా నా వెంట వచ్చింది. ఏ ఊళ్లో రైలు ఆగాలో, ఏ ఊరు పెరగాలో ఇక్కడ తేల్చింది ఏరు, ఆ తరవాత వంతెన. రైల్వేవాళ్ల కాగితాలు ఆ తరవాతివి.

గోదారి లాంటి నదిలో వంతెన కట్టడానికి ఏం చేశారో మావయ్య నేల మీద పుల్లతో గీసి చూపించారు. ఎంత తవ్వినా ఇసుకే తగిలేచోట స్తంభం నేరుగా లేవదు, ముందు బావి దింపాలి. గుండ్రంగా ఒర కట్టి, లోపలి ఇసుక తోడేస్తూ పోతే ఒర తన బరువుకి తనే కిందికి దిగుతుంది. గట్టి నేల అందేదాకా దింపి, లోపల నింపి, దాని మీద రాతి స్తంభం లేపుతారు. కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టిన ఎఫ్. టి. గ్రాన్‌విల్ వాల్టన్‌ అనే ఇంజనీరుకే ఈ పనీ అప్పగించారు. 1897 నవంబర్ 11న మొదలైన పని పూర్తయి 1900 ఆగస్టు 30న వంతెన తెరిచారు. 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు, ఒక్కో ఖానా 45.7 మీటర్లు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు.

"మూడేళ్లు నిండకుండానే! ఏటా వరదొచ్చే నెలలు తీసేస్తే చేతిలో ఎంత కాలం ఉన్నట్టు? ఎన్ని వేల చేతులు పడుంటాయో లెక్కేసుకో" అన్నారు మావయ్య. ఈ వంతెన గురించి మాట్లాడుతున్నప్పుడు ఆయన గొంతు మారిపోతుంది. రైలొచ్చే వేళకి వంతెన మధ్యలో ఉంటే పక్కనుండే చిన్న అరుగు మీదకి తప్పుకుని నిలబడేవారట. "కాళ్ల కింద గోదారి, ముఖం పక్కన పెట్టెలు. మొదటి వారం భయమేసింది. తరవాత ఆ అదురుని బట్టే గర్డరు, అదే పట్టాల్ని మోసే ఇనుప దూలం, ఎలా ఉందో తెలిసేది." 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. ఆ రోజు గట్టున చాలామంది నిలబడ్డారని, పాతకాలం ఉద్యోగులు కొందరు కళ్లు తుడుచుకున్నారని చెప్పి ఆయన కాసేపు ఊరుకున్నారు.

అత్తయ్య జ్ఞాపకం వేరు. ఆమె చిన్నప్పుడు రాజమండ్రి వెళ్లాలంటే రైలు కన్నా లాంచీయే దగ్గర. రోడ్డు వంతెన లేదు కదా. పండక్కి బట్టలు కొనడానికి కొవ్వూరు రేవులో లాంచీ ఎక్కితే, తిరిగొచ్చేటప్పుడు చీకటి పడుతుందేమోనని వాళ్ల నాన్న గారు కంగారు పడిపోయేవారట. 1974లో కింద రైలు, పైన రోడ్డు ఉండే వంతెన వచ్చాక లాంచీల మాట వెనకబడింది. "బస్సులో కూర్చుంటే పావుగంటలో అవతల పడుతున్నాం, బానే ఉంది. కానీ లాంచీలో మరమరాల ఉండలు కొనిపెట్టేవాడు మా నాన్న" అంది.

సాయంత్రం ముగ్గురం గోష్పాద క్షేత్రం రేవుకి వెళ్లాం. అరటిదొప్పల్లో దీపాలు అమ్మే ఆడవాళ్లు మెట్ల మీద వరసగా కూర్చున్నారు. దొప్ప, వత్తి, నూనె కలిపి పది రూపాయలు. అత్తయ్య దీపం వదిలి అవతలి గట్టుకేసి దణ్ణం పెట్టింది. అక్కడికి నన్నొక్కణ్ణే పంపుతూ "ఎవరైనా ఏదైనా పెడితే కాదనకు, ఇటువైపు అది మర్యాద కాదు" అని జాగ్రత్త చెప్పింది.

అదే సాయంత్రం. గోదావరి స్టేషన్

కొవ్వూరు నుంచి గోదావరి స్టేషన్‌కి మెమూ, అంటే చిన్న స్టేషన్లలోనూ ఆగే కరెంటు రైలు, టిక్కెట్టు పది రూపాయలు. ఆ పది రూపాయలకి దొరికే దృశ్యానికి సాటి నాకు తెలిసినంతలో లేదు. పెట్టె సగం కార్తీక స్నానాలకు వెళ్లేవాళ్లే. వంతెన మీదకి రైలెక్కగానే మాటలన్నీ ఆగాయి. ఒక పెద్దావిడ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్లలు తీసింది, మనవడి చేతిలో ఒకటి పెట్టి "గోదారమ్మకి దణ్ణం పెట్టి వెయ్యి నాన్నా" అంది. వాడు గట్టిగా విసిరాడు. అది వంతెన అంచుకి తగిలి టంగుమంది. "పడలేదు నానమ్మా" అని ఏడుపు మొహం పెడితే ఎదురు సీటాయన తన జేబులోంచి ఇంకోటి తీసిచ్చాడు. కింద రేవుల దగ్గర అయస్కాంతానికి తాడు కట్టి ఈ నాణేలు పైకి లాగే కుర్రాళ్లుంటారు. ఎవరి పుణ్యం వాళ్లది, ఎవరి కూడు వాళ్లది.

మా రైలు వెళ్లింది విల్లులా వంగిన కాంక్రీటు వంతెన మీద. 1991లో మొదలుపెట్టి 1997కి పూర్తి చేసిన ఈ వంతెనకి 28 ఖానాలు, ఒక్కోటి 97.55 మీటర్లు. హేవలాక్ వంతెన చేసిన పని దీనికి అప్పగించారు. పక్కనే రాతి స్తంభాల మీద పాత వంతెన. ఇంకాస్త ఎగువన 1974 నాటి రోడ్డు, రైలు వంతెన. సాయంకాలం వెలుగులో మూడు తరాల పనితనం ఒకే కిటికీలోంచి కనిపిస్తుంది. వంపులు ఒక్కొక్కటీ కిటికీ ముందు లేచి పడుతుంటే, ఆ సందుల్లోంచి నది, పడవ, లంక, మళ్లీ నది.

రాజమండ్రికి రెండు స్టేషన్లు. ఏటి పక్కన, కోటగుమ్మానికీ పుష్కరఘాట్‌కీ దగ్గర్లో ఉన్నది గోదావరి స్టేషన్. కాస్త ముందుకెళ్తే అసలు రాజమండ్రి స్టేషన్. స్నానాలకొచ్చేవాళ్లకి మొదటిది అనువు. మెమూలు, పాసింజర్లు ఇక్కడ ఆగుతాయి. దూరం వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లకి చాలావరకు పెద్ద స్టేషన్‌కే వెళ్లాలి. ఈ తేడా తెలియని శ్రీకాకుళం కుటుంబం ఒకటి, తడిబట్టల సంచులతో, ముసలాయన్ని నడిపించుకుంటూ గోదావరి స్టేషన్‌కొచ్చి తమ ఎక్స్‌ప్రెస్ కోసం కూర్చుంది. వాళ్లు అడిగిన మొదటి మనిషి టీ కొట్టాయన. టిక్కెట్టు చూసి, కొట్టు పక్కవాడికి అప్పజెప్పి, తనే రోడ్డు మీదకెళ్లి ఆటో ఆపాడు. "పెద్దాయన ఉన్నారు, మెట్ల దగ్గర దించు. వంద అడగమాకు, డెబ్బై తీసుకో" అని బేరం కూడా తనే చేశాడు. వాళ్లకి రైలందిందో లేదో తెలుసుకునే దారి నాకు లేదు, కానీ ఆటో కదిలాక కూడా ఆయన టైము చూసుకుంటూనే ఉన్నాడు.

రాత్రి కోటగుమ్మం మృత్యుంజయుడి విగ్రహం దగ్గర బండి మీద పెసరట్టు ఉప్మా. అల్లప్పచ్చడి అడక్కుండానే మళ్లీ వేశారు. అరవై రూపాయలు.

నవంబర్ 16, ఆదివారం. రాజమండ్రి

తెల్లారగట్ల పెద్ద స్టేషన్ చూడాలని నాలుగున్నరకే వెళ్లాను. స్టేషన్ అసలు ముఖం ఆ వేళలోనే తెలుస్తుంది. హౌరా నుంచి మద్రాసు వెళ్లే పెద్ద లైను ఇది. రాత్రంతా నడిచిన బళ్లు ఇక్కడ ఊపిరి పీల్చుకుంటాయి. ప్లాట్‌ఫారం మీద ఒక పక్క అయ్యప్ప మాలలు వేసుకున్న నల్లబట్టల గుంపు శరణుఘోష, ఇంకో పక్క గోనెసంచుల్లో బంతిపూలు, చామంతులు. దగ్గర్లోనే కడియం, కడియపులంక ఉన్నాయి కదా, ఇక్కడ గాలికే పూలవాసన ఉంటుంది. ఒక సంచి మీద తల ఆన్చి నిద్రపోతున్న కుర్రాణ్ణి వాళ్ల యజమాని లేపలేక లేపాడు.

కాకినాడ నుంచి హైదరాబాదు వైపు వెళ్లే గౌతమి, విశాఖ నుంచి వెళ్లే గోదావరి, మద్రాసు వైపు పోయే సర్కారు, వీటిలో మొదటి రెండు పేర్లే చాలు ఈ స్టేషన్‌కి నది ఎంత దగ్గరో చెప్పడానికి. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 ఫిబ్రవరి 1న మొదలైంది. అదే ఏడాది రోడ్డు, రైలు వంతెన కూడా వచ్చింది. ఈ ప్రాంతపు పిల్లలు చదువుకోసం, ఉద్యోగం కోసం హైదరాబాదు దారి పట్టిన కాలం అది. ఆవకాయ జాడీలు, సున్నుండల డబ్బాలు ఆ బండిలో ఎన్ని వెళ్లాయో. 2023 జనవరి 15న మొదలైన విశాఖ, సికింద్రాబాద్ వందేభారత్ కూడా ఇక్కడ ఆగుతుంది. ప్లాట్‌ఫారం మీద ఒకాయన దాన్ని చూపించి "మావాడు అందులోనే వస్తాడండీ, నేను మాత్రం గోదావరికే వెళ్తాను, రాత్రి పడుకుంటే పొద్దున్నకల్లా దిగొచ్చు" అన్నారు. రెండూ కావాలి. పగటిపూట త్వరగా వెళ్లే బండి, రాత్రి బెర్తు మీద పడుకుని వెళ్లే బండి, పది రూపాయల మెమూ కూడా కావాలి. స్టేషన్ గొప్పతనాన్ని అక్కడ ఆగే వేగమైన బండిని బట్టి కొలవడం నాకు నచ్చదు. నేను చూసిన జనంలో సగం మంది మెమూల కోసం, పాసింజర్ల కోసం నిలబడ్డవాళ్లే. పాల క్యాన్లవాళ్లు, కాలేజీ పిల్లలు, ద్వారపూడి బట్టల బేరానికి వెళ్లేవాళ్లు.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. ఈ స్టేషన్‌ని అమృత్ భారత్ పథకంలో చేర్చారు. పుష్కరాలంటే ఒక్క రోజులో ఊరి జనాభాకి ఎన్నో రెట్లు దిగుతారు. 2015లో వచ్చినప్పుడు ఎలా ఉందో చెప్పమంటే, పోర్టరుగా చేసే పెద్దాయన, "మనుషుల్ని చూళ్లేదు బాబూ, తలకాయల్నే చూశాం. మా కూలీలం సామాను మోయడం మానేసి తప్పిపోయిన పిల్లల్ని మోశాం" అన్నారు. పైకప్పులు, ఎస్కలేటర్లు సరే. జనం ఒక దారిన వచ్చి ఇంకో దారిన వెళ్లేలా వెడల్పాటి వంతెనలు, మంచినీళ్లు, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే చోటు, ఏ స్టేషన్‌లో ఏ బండి ఆగుతుందో పెద్ద అక్షరాల్లో రాసిన బోర్డులు, ఇవి ముందు కావాలని ఆయన మాటలు విన్నవాళ్లెవరికైనా అనిపిస్తుంది.

పొద్దెక్కాక పాత వంతెన మొదలు దాకా నడిచాను. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకి శంకుస్థాపన చేసినప్పుడు హేవలాక్ వంతెనను పర్యాటక స్థలంగా తీర్చిదిద్దే పని కూడా అందులో ఉంది. అది జరగాలని నేను మనసారా కోరుకుంటున్నాను. ఏరు మధ్యదాకా నడిచి వెళ్లి నిలబడే వీలు మనకెక్కడుంది? రంగు దీపాలు, తినుబండారాల కొట్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు, కానీ బావులు ఎలా దింపారో చూపించే ఒక బొమ్మ, ఇక్కడ పనిచేసిన కీమ్యాన్లు, గ్యాంగువాళ్ల ఫొటోలు, వాళ్ల సుత్తులు, లాంతర్లు ఒకచోట పెడితే చూసే పిల్లలకి వంతెన అంటే ఇనుమొక్కటే కాదని అర్థమవుతుంది. మావయ్య లాంటివాళ్లు ఇంకా ఉన్నారు. అడిగితే ఆనందంగా చెబుతారు.

మధ్యాహ్నం ధవళేశ్వరం. రైళ్ల కథలో ఆనకట్టకేం పని అనుకోవచ్చు, ఉంది. 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ రైళ్ల కన్నా కాలువలే ఈ దేశానికి మేలని జీవితాంతం వాదించిన మనిషి. నీళ్లు పొలానికీ అందుతాయి, పడవకీ దారిస్తాయి, ఖర్చు తక్కువ అనేవారు. ఆయన మాట వట్టి మాట కాదు. రైలు రాకముందు ఈ డెల్టాలో ధాన్యం కాలువల మీదే కదిలింది. ఏలూరు కాలువ గోదావరినీ కృష్ణనూ కలిపింది, పడవలు అటు బెజవాడ దాకా వెళ్లేవి. 1899 జూలైలో ఆయన ఇంగ్లండులో చనిపోయారు. అప్పటికి ఎగువన రాజమండ్రిలో రైలు వంతెన పని నడుస్తోంది. మ్యూజియంలో పాత పనిముట్లు, నమూనాలు తీరిగ్గా చూడదగ్గవి. బయట కొబ్బరిబొండాల ఆయన "దొరగారు లేకపోతే మాకు అన్నం లేదండీ" అన్నాడు. ఆ ఊళ్లో ఎవర్ని కదిపినా ఇదే మాట. బొండం నలభై, లోపలి లేతకొబ్బరి గీకి ఇచ్చినందుకు అదనంగా ఏమీ తీసుకోలేదు.

సాయంత్రం మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్. రాజమండ్రి వచ్చి ఇది తాగకుండా వెళ్లడం ఇక్కడివాళ్లు ఒప్పుకోరు. చిక్కటి పాలు, కోవా రుచి, గొంతులోంచి దిగేదాకా గులాబీ వాసన. పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లలు నా గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూసి "ఇంకోటి చెప్పనా అంకుల్, ఒకటితో ఎవరూ ఆపరు" అన్నారు.

నవంబర్ 17, సోమవారం. ద్వారపూడి, తాపేశ్వరం, కోటిపల్లి

కార్తీక సోమవారం. పొద్దున్న మెమూలో ద్వారపూడి దిగాను. స్టేషన్ చిన్నదే. కానీ అయ్యప్ప గుడి వల్లా, బట్టల బజారు వల్లా ఎప్పుడూ సందడే. మూటలు కట్టిన చీరలు ప్లాట్‌ఫారం అంతా పరుచుకుని ఉన్నాయి. అక్కణ్ణించి మండపేట వెళ్లే షేర్ ఆటోలో తాపేశ్వరం ఇరవై రూపాయలు. మడత కాజా వేడిగా తినాలంటే పొద్దున్నే రావాలి. పొరలు పొరలుగా విచ్చుకున్న కాజాని కొరికితే పాకం మణికట్టు దాకా కారింది. అరకేజీ కట్టించుకున్నాను. కొట్టాయన ఇంకోటి చేతిలో పెట్టి "ప్రయాణంలో ఉన్నారు, ఇది లెక్కలోది కాదండీ" అన్నారు. అత్తయ్య మాట గుర్తుంది, కాదనలేదు.

మండపేట, రామచంద్రపురం మీదుగా బస్సులో ద్రాక్షారామం చేరేసరికి భీమేశ్వరుడి గుడి ముందు క్యూ వీధి మలుపు దాటింది. బయటి నుంచే దణ్ణం పెట్టుకుని కోటిపల్లి బస్సెక్కాను. నేను చూడాలనుకున్న స్టేషన్ అక్కడుంది.

కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, 1940లో ఆ పట్టాలు ఊడదీసి యుద్ధ అవసరాలకి పట్టుకుపోయారు. ఉన్న రైలుని ఊరి కళ్లముందే పెరికి తీసుకుపోతే ఎలా ఉంటుందో ఊహించండి. మళ్లీ పట్టాలు పడి రైలు నడవడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. కోనసీమకి రైలు కోసం గట్టిగా పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి 2002లోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, ఆ రైలుని చూడలేదు. ఒకే పెట్టె ఉండే రైలుబస్సు ఈ లైన్లో నడిచింది. వరిచేల మధ్యనుంచి అది వస్తుంటే పిల్లలు పరిగెత్తుకొచ్చేవాళ్లని స్టేషన్ పక్క ఇంటి అరుగు మీద కూర్చున్న మామ్మగారు చెప్పారు. నేను వెళ్లిన వేళకి రైలేదీ లేదు. పట్టాలు ఎండలో మెరుస్తున్నాయి, కంకర మీద ఎవరో వడియాలు ఆరబెట్టారు. "కూర్చో నాయనా, మజ్జిగ తాగు" అని చెంబు తెచ్చారావిడ. ఎవరబ్బాయివి, ఏ ఊరు, పెళ్లయిందా అన్నీ అడిగాకే స్టేషన్ గురించి నా ప్రశ్నలకి జవాబులు చెప్పారు.

ఆ పట్టాల ముందు గౌతమి. అవతల ముక్తేశ్వరం, ఆ వెనక అమలాపురం, కోనసీమంతా. కోటిపల్లి నుంచి నరసాపురానికి 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. దారిలో గౌతమి, వైనతేయ, వశిష్ట మూడు పాయలు దాటాలి. ఒక్కో పాయకీ ఒక్కో వంతెన. గౌతమిలో స్తంభాలు వరసగా లేచి నిలబడ్డాయి. 2022లో జిల్లా కేంద్రమైన అమలాపురానికి ఈ రోజుకీ రైలు స్టేషన్ లేదు. కొవ్వూరు అరుగు మీద మావయ్య చెప్పిన 1893 నాటి సంగతి ఇక్కడ నా కళ్లముందే ఉంది. పట్టాలు గట్టుకొచ్చి ఆగాయి, మనుషులు మూటలతో రేవులోకి దిగుతున్నారు. అప్పుడు రాజమండ్రిలో దాదాపు ఏడేళ్లలో వంతెన వచ్చింది. కోనసీమ జనం ఓర్పు చూస్తే గౌరవం కలుగుతుంది, వాళ్లని ఇంతకాలం ఆపినందుకు కోపమూ వస్తుంది.

రేవులో పంటు సిద్ధంగా ఉంది. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు మీద మోటారు సైకిళ్లు, అరటిగెలలు, కొబ్బరికాయల బస్తాలు, సోమవారం కోటిపల్లి సోమేశ్వరుణ్ణి చూసుకుని తిరిగి వెళ్తున్న ఆడవాళ్లు. మనిషికి ఇరవై రూపాయలు. స్తంభాలకేసి చూస్తున్న నన్ను గమనించి, పక్కన నిలబడ్డ నర్సింగ్ విద్యార్థిని "మీరు రైల్వే ఆఫీసరాండీ?" అని ఆశగా అడిగింది. కాదన్నాక కూడా తన లెక్క చెప్పింది. కాకినాడలో కాలేజీ. వరదల్లో పంటు ఆపేస్తే యానాం వైపు చుట్టు తిరిగి వెళ్లాలి, ఆ రోజుల్లో పరీక్షలుంటే కాకినాడలోనే ఎవరింట్లోనో ఉండిపోవాలి.

"మా తాతగారు రైలొస్తుందన్నారు, మా నాన్నా అదే అన్నారు. ఇప్పుడు పిల్లర్లు కనబడుతున్నాయి కాబట్టి నేను నమ్ముతున్నానండీ" అంది. పక్కనున్న కొబ్బరికాయల ఆయన అందుకున్నాడు. "రైలొస్తే కాయ కాకినాడలో లారీ ఎక్కించక్కర్లేదు. ఇక్కడే వేగనులో పోసేస్తాం. మాకు కావాల్సింది స్పీడు బండి కాదండి, ఆగే బండి."

ముక్తేశ్వరం రేవు దిగి అమలాపురం, రావులపాలెం బస్సుల్లో రాత్రికి రాజమండ్రి చేరాను. మావయ్యకి ఫోన్ చేసి గౌతమిలో స్తంభాల సంగతి చెబితే ఆయన మొదట అడిగింది "బావులు ఎంత లోతు దింపార్రా?" అని.

వెళ్లాలనుకునేవాళ్లు శని, ఆదివారాలు కొవ్వూరు, రాజమండ్రికి పెట్టుకోండి. ఏరు దాటేది మాత్రం బస్సులో కాకుండా మెమూలోనే, పొద్దు వాలకముందే దాటండి. తిరుగు ప్రయాణానికి మీ బండి గోదావరి స్టేషన్‌లో ఆగుతుందో, రాజమండ్రిలో ఆగుతుందో టిక్కెట్టు మీద ముందే చూసుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే మరీను. తాపేశ్వరం కాజా రెండు రోజులు నిలవుంటుంది, అంతకన్నా ఎక్కువ కొనక్కర్లేదు. కోటిపల్లి పంటు చీకటి పడేలోపు ఆపేస్తారు, వరద రోజుల్లో అసలు కట్టరు. ద్రాక్షారామంలో బస్సెక్కేటప్పుడే కండక్టర్ని అడిగితే రేవు నడుస్తోందో లేదో ఆయనే చెబుతారు.